పాతబస్తీని చూడాలంటే మూసీ దగ్గర మొదలుపెట్టండి

హైదరాబాద్ పాతబస్తీ చూసొచ్చామని చెప్పేవాళ్ళలో చాలామంది చూసింది చార్మినార్ ఒక్కటే. ఆటో దిగుతారు, ఫోటోలు తీసుకుంటారు, గాజులు బేరమాడతారు, చాయ్ తాగి రెండు గంటల్లో ఇంటిదారి పడతారు. నేనూ చాలాసార్లు అదే చేశాను. ఒకరోజు ఏదో ఊరేగింపు ఉందని బస్సును నయాపూల్ దగ్గరే ఆపేశారు. తిట్టుకుంటూ దిగి, వంతెన మీంచి చార్మినార్ దాకా నడిచాను. ఆ రోజే మొదటిసారి ఈ ఊరి కథ వరసగా అర్థమైంది. ఊరు నది దగ్గర మొదలైంది కాబట్టి చూడటం కూడా అక్కడే మొదలుపెట్టాలి. చార్మినార్ దగ్గర దిగడమంటే పుస్తకాన్ని మధ్యలో తెరవడమే.

ఇక్కడ రాసిన దారి ఉత్తరం నుంచి దక్షిణానికి, మూసీ నుంచి లోపలి గల్లీల దాకా వెళ్తుంది. నిదానంగా నడిస్తే ఒక పూట పైనే పడుతుంది. రెండు రోజులు పెట్టుకుంటే ఇంకా మంచిది.

బయల్దేరే ముందు

మొదట వారం చూసుకోండి. శుక్రవారం చౌమహల్లా ప్యాలెస్‌కీ, సాలార్‌జంగ్ మ్యూజియానికీ సెలవు. మక్కా మసీదులో జుమ్మా నమాజుకు వేలమంది వస్తారు కాబట్టి ఆ సమయంలో చూడటానికి వెళ్ళేవాళ్ళు పక్కకు తప్పుకోవడమే మర్యాద. ఇవేవీ తెలియక ఒక శుక్రవారం చుట్టాలను వెంటేసుకుని వెళ్ళాను. మూసిన గేట్లు చూపించి, బిర్యానీ తినిపించి తీసుకొచ్చాను. వాళ్ళు ఇప్పటికీ ఆ మాట ఎత్తుతారు.

తర్వాత పొద్దు. కట్టడాలు చూడటానికి ఉదయం ఏడు, ఎనిమిది మంచి సమయం. దుకాణాలు పదకొండు దాటితే గానీ పూర్తిగా తెరవరు. షట్టర్లు మూసి ఉన్నప్పుడు పైన కమాన్లు, గోడలు, కిటికీలు కనిపిస్తాయి. తెరిచాక కింద సరుకు, పైన బోర్డులు తప్ప ఏమీ కనిపించదు. అందుకే కట్టడాలు పొద్దున, బజారు సాయంత్రం పెట్టుకోండి. రంజాన్ రాత్రుల్లో ఇక్కడి సందడి చూసి తీరాలి గానీ, చరిత్ర చూద్దామని ఆ రోజుల్లో వెళ్తే జనం తప్ప ఇంకేమీ కంటికి ఆనదు.

మెట్రోలో వచ్చేవాళ్ళు ఎంజీబీఎస్ స్టేషన్‌లో దిగి నయాపూల్ వైపు నడవొచ్చు. సొంత కారులో రావొద్దు. దాన్ని ఎక్కడ పెట్టాలా అన్న టెన్షన్‌తోనే సగం రోజు పోతుంది. సులువుగా విప్పేసే చెప్పులు వేసుకోండి. మసీదులోకి వెళ్తారు కాబట్టి ఒళ్ళు కప్పే బట్టలుండాలి, ఆడవాళ్ళ దగ్గర చున్నీ ఉంటే మేలు.

గోడను చూసి కాలం చెప్పడం

దారిలో దిగేలోపు ఒక చిన్న లెక్క మనసులో పెట్టుకోండి. ఇక్కడ కాలాలు ఒకదాని మీద ఒకటి పేరుకున్నాయి, వాటిని గుర్తుపట్టడం అనుకున్నంత కష్టం కాదు.

రాయి, డంగు సున్నంతో కట్టి, పైన గచ్చుతో పువ్వులూ లతలూ తీర్చి, కోసుగా ఉండే కమాన్లు పెడితే అది చాలావరకు గోల్కొండ సుల్తానులైన కుతుబ్ షాహీల పని. అంటే 1687కు ముందుది. ఎత్తయిన సింహద్వారం, లోపల పెద్ద అంగణం, ఆపైన పాశ్చాత్య పద్ధతిలో గుండ్రటి స్తంభాలు, గడియారపు బురుజు కనిపిస్తే అది ఆసఫ్ జాహీల, అంటే నిజాముల, కాలపు నవాబులది. వెడల్పు రోడ్డుకు రెండువైపులా ఒకే ఎత్తులో, ఒకే తీరులో చెక్కిన రాతి వరండాలుంటే 1908 వరద తర్వాతిది. మిగతాదంతా మన కాలపు సిమెంటు, ఫ్లెక్సీ.

ఒకే గోడలో రెండు మూడు కాలాలు కనిపించడం ఇక్కడ మామూలే. అలాంటి గోడ దొరికితే కాసేపు ఆగండి.

మొదటి అడుగు: మూసీ ఒడ్డున నిలబడటం

నయాపూల్ మీద ఎక్కడైనా పక్కకు నిలబడండి. కింద మూసీ ఇప్పుడు చూడముచ్చటగా ఏమీ ఉండదు, వాసన కూడా వస్తుంది. అయినా ఊరి కథ మొదలైంది ఇక్కడే.

కుతుబ్ షాహీల రాజధాని గోల్కొండ కోట. 16వ శతాబ్దం చివరికొచ్చేసరికి కోటలో జనం కిక్కిరిసిపోయారు, నీటికి ఇబ్బంది వచ్చింది. ఇంకోపక్క గోల్కొండ నుంచి మచిలీపట్నం రేవుకు వెళ్ళే వర్తకపు దారి మూసీని దాటాలి. తెలుగు కవులు మల్కిభరాముడని పిలుచుకున్న ఇబ్రహీం కుతుబ్ షా 1578లో నది మీద వంతెన కట్టించాడు. అదే పురానాపూల్. నయాపూల్ నుంచి పడమరగా, నది ఎగువన ఉంటుంది, 22 కమాన్లతో. ఊరు 1591లో పుట్టింది. అంటే ఊరికంటే వంతెన 13 ఏళ్ళు పెద్దది.

ఈ వంతెన గురించి అందరూ చెప్పే కథ ఒకటుంది. యువరాజు మహమ్మద్ కులీ నది అవతల చిచ్లం గ్రామంలోని భాగమతి అనే నర్తకిని ప్రేమించాడనీ, వరదలో గుర్రమెక్కి ఆమె కోసం నది దాటుతుంటే తండ్రి భయపడి వంతెన కట్టించాడనీ, ఆమె పేరు మీదే భాగ్యనగరం వెలిసిందనీ అంటారు. కథ బాగుంది. లెక్కలోనే చిక్కొస్తుంది. 1578 నాటికి యువరాజుకు పన్నెండో పదమూడో ఏళ్ళు. భాగమతి అసలు ఉందా లేదా అన్నదాని మీద చరిత్రకారులు ఇప్పటికీ వాదించుకుంటూనే ఉన్నారు. వంతెన వెనక ప్రేమకంటే బందరు వర్తకమే ఉందనిపిస్తుంది నాకు. అయినా ఆ కథను కొట్టిపారేయకండి. తమ ఊరు ఎలా పుట్టిందని చెప్పుకోవడం ఇక్కడి జనానికి ఇష్టమో అది చెబుతుంది.

రెండో అడుగు: 1908 గుర్తులు వెతకడం

అదే వంతెన మీద దక్షిణానికి తిరిగి నిలబడితే కుడిచేతి వైపు ఎర్రరాతి గుమ్మటాలతో హైకోర్టు, వెనకవైపు ఉత్తరపు గట్టున ఉస్మానియా ఆస్పత్రి కనిపిస్తాయి. హైకోర్టు పక్కనే సిటీ కాలేజీ. ఎడమవైపు కాస్త దూరంలో సాలార్‌జంగ్ మ్యూజియం. మ్యూజియాన్ని ఈ నడకలో కలపొద్దని నా సలహా. దానికే ఒక రోజు కావాలి.

నదికి ఎదురెదురుగా ఇంత పెద్ద కట్టడాలు ఒకే కాలంలో ఎందుకు లేచాయి? 1908 సెప్టెంబర్ 28న మూసీకి వచ్చిన వరద కారణంగా. ఒక్క రోజులో సుమారు 15,000 మంది చనిపోయారని అంచనా. అఫ్జల్‌గంజ్ వైపు ఇళ్ళు వరసలు వరసలుగా కొట్టుకుపోయాయి. ఆస్పత్రి ఆవరణలో ఒక చింతచెట్టు ఉంది. దాని కొమ్మలెక్కి ఆ రోజు 150 మంది దాకా ప్రాణాలు దక్కించుకున్నారని చెబుతారు. వీలుంటే వంతెన దాటే ముందే వెళ్ళి చూసి రండి. నాకైతే చార్మినార్ కంటే ఆ చెట్టు దగ్గరే ఎక్కువసేపు నిలబడాలనిపిస్తుంది.

వరద తర్వాత మోక్షగుండం విశ్వేశ్వరయ్యను పిలిపించారు. ఆయన సలహాతోనే ఎగువన ఉస్మాన్‌సాగర్ 1920లో, హిమాయత్‌సాగర్ 1927లో సిద్ధమయ్యాయి. ఊరు తాగే నీటికీ, ఊరిని ముంచే నీటికీ ఒకే మందు అన్నమాట. 1912లో సిటీ ఇంప్రూవ్‌మెంట్ బోర్డు ఏర్పడి ఇరుకు బస్తీలను తొలగించి రోడ్లు వెడల్పు చేసింది. హైకోర్టు 1920లో తెరుచుకుంది. ఇక్కడి నుంచి మీరు నడవబోయే వీధి కూడా ఆ బోర్డు చేతిలో మారిందే.

మూడో అడుగు: పత్తర్‌గట్టీలో తలెత్తి నడవడం

వంతెన దిగి దక్షిణానికి వస్తే మదీనా సెంటర్, బట్టల దుకాణాల గోల. దాటగానే పత్తర్‌గట్టీ. రెండువైపులా రాతి కమాన్ల వరండాలు, కింద దుకాణాలు, పైన గదులు. ఎండా వానా తగలకుండా జనం నడవడానికి కట్టినవి. ఇప్పుడా వరండాల్లో సగం సరుకే ఉంటుంది గానీ, పొద్దున్నే వస్తే కమాను తర్వాత కమాను వరసగా కనిపిస్తుంది. కళ్ళు కిందకు దించితే అత్తరు సీసాలు, ముత్యాల దుకాణాలు, షేర్వాణీలు. పైకెత్తితే వందేళ్ళ నాటి ఊరి ప్రణాళిక.

ముత్యాల గురించి ఒక మాట. హైదరాబాద్ ముత్యాలంటారు గానీ ఇక్కడ సముద్రమూ లేదు, ముత్యపు చిప్పలూ లేవు. పూర్వం బస్రా నుంచి, పర్షియా సింధుశాఖ నుంచి ముత్యాలు వచ్చేవి. ఇక్కడ ఉన్నది వాటిని ఏరడం, రంధ్రం వేయడం, గుచ్చడం తెలిసిన చేతులు. కొనుక్కునే రాజులూ ఇక్కడే ఉండటంతో వ్యాపారం పాతుకుపోయింది.

పత్తర్‌గట్టీ దగ్గర ఎవరినైనా బాద్‌షాహీ ఆషుర్‌ఖానా ఎక్కడని అడగండి. చాలామంది యాత్రికులు దీన్ని వదిలేస్తారు. చార్మినార్ కట్టిన మూడేళ్ళకు, 1594లో, మొహర్రం రోజుల్లో ఆలమ్‌లు, అంటే పీర్లు, నిలపడానికి మహమ్మద్ కులీ కట్టించాడు. లోపలి గోడల మీద పసుపు, నీలం, ఆకుపచ్చ రంగుల పలకలతో ఆలమ్ ఆకారాలు తీర్చారు. నాలుగు శతాబ్దాలైనా రంగు వెలిసిపోలేదు. కింది భాగంలో కొన్నిచోట్ల పలకలుండాల్సిన చోట రంగు పూత కనిపిస్తుంది. 1908లో నీళ్ళు ఇక్కడిదాకా వచ్చి పలకలను పాడుచేశాయి. నదికి ఇంత దూరంలో, ఒక గోడ మీద నీళ్ళు ఎక్కిన ఎత్తు కనిపిస్తోందన్నమాట.

ఇది ఇప్పటికీ కొలువు సాగే చోటు. చెప్పులు బయట విప్పి, అడిగి ఫోటో తీయండి.

నాలుగో అడుగు: గుల్జార్ హౌజ్ దగ్గర నిలబడి ఊరి నక్షా చూడటం

ఇంకాస్త దక్షిణానికి వస్తే రోడ్డుకు అడ్డంగా ఒక పెద్ద కమాను. పేరు మచిలీ కమాన్. లోపలికి దాటితే మధ్యలో నీళ్ళ తొట్టి, అదే గుల్జార్ హౌజ్. దక్షిణాన చార్మినార్ కమాన్, తూర్పున కాలీ కమాన్, పడమర షేర్-ఎ-బాతిల్ కీ కమాన్. ఈ నాలుగింటినీ కలిపి చార్ కమాన్ అంటారు. చార్మినార్ వెంటనే, 1592 నుంచి కట్టినవి.

ఆటోల మధ్య నిలబడటం కష్టమే గానీ ఒక్క రెండు నిమిషాలు కళ్ళతో దుకాణాలన్నీ తీసేయండి. అప్పట్లో ఇది రాజభవనాల ముంగిట ఉన్న పెద్ద మైదానం. పడమటి కమాను గుండా రాజమహళ్ళలోకి దారి. ఆ కమానుకు జరీ తెర వేలాడేదని చెబుతారు. తూర్పు కమాను వైపు నగారాలు మోగేవి. మైదానం మధ్య హౌజ్. ఆ మహళ్ళలో ఇప్పుడు ఒక్కటీ లేదు. 1687లో ఎనిమిది నెలల ముట్టడి తర్వాత ఔరంగజేబు గోల్కొండను పట్టుకున్నాడు. చివరి సుల్తాను అబుల్ హసన్ తానాషాను దౌలతాబాద్ కోటలో బంధించారు. ఆ రోజుల్లో భవనాలు పాడయ్యాయి, వాటి మీద ఊరు పెరిగింది. దర్వాజాలు మిగిలి ఇల్లు పోయిందన్నమాట.

ఈ నక్షా వెనకున్న మనిషి మీర్ మోమిన్ అస్తరాబాదీ. ఇరాన్ నుంచి వచ్చి సుల్తానుకు పేష్వా, అంటే ప్రధానమంత్రి, అయ్యాడు. రెండు పెద్ద రోడ్లు ఒకదాన్నొకటి ఖండించేచోట చార్మినార్, దాంతో ఊరు నాలుగు భాగాలు. ఇస్ఫహాన్ చూసి హైదరాబాద్ కట్టారని పుస్తకాల్లో తరచూ రాస్తుంటారు. ఇస్ఫహాన్‌లో షా అబ్బాస్ తన పెద్ద మైదానం పని మొదలుపెట్టింది 1598 ప్రాంతంలో. అప్పటికి మన చార్మినార్ ఏడేళ్ళది. మీర్ మోమిన్ సమాధి సుల్తాన్ షాహీ దగ్గర తన పేరుతోనే ఉన్న దాయిరాలో, అంటే శ్మశానవాటికలో, ఉంది. ఊరికి నక్షా గీసినవాడు ఊళ్ళోనే మట్టిలో కలిశాడు.

ఐదో అడుగు: చార్మినార్‌ను నాలుగు వైపుల నుంచీ చూడటం

ఇప్పుడు వచ్చాం. ఎక్కే ముందు చుట్టూ ఒక ప్రదక్షిణ చేయండి. ఒక్కో వైపు 20 మీటర్లు, ఒక్కో కమాను 11 మీటర్ల వెడల్పు. నాలుగు కమాన్లూ నాలుగు దిక్కుల రోడ్లకు. అందరూ ఉత్తరం వైపు ఫోటో తీసుకుని వదిలేస్తారు. దక్షిణం వైపు వెళ్ళి వెనక్కి తిరిగి చూడండి. కమానులోంచి చార్మినార్ కమాన్, దాని వెనక మచిలీ కమాన్, ఒకే గీత మీద. ఇప్పటిదాకా మీరు నడిచొచ్చిన దారే అది.

నాలుగు వైపులా గడియారాలు చూశారా? అవి 1889లో పెట్టినవి. కట్టడానికి మూడొందల ఏళ్ళ తర్వాత వచ్చిన చుట్టాలు. పై అంతస్తులో పడమటి వైపు చిన్న మసీదు ఉంది. అక్కడ 45 మంది నమాజు చేసేలా 45 గుర్తులు ఉన్నాయి. పైదాకా 149 మెట్లు. మామూలుగా యాత్రికులను మొదటి అంతస్తు దాకానే పంపుతారు. మెట్లు ఇరుకు, ఎత్తు, చీకటి. మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళు మొహమాటపడకుండా కిందే ఉండిపోవడం మంచిది.

ఎందుకు కట్టారంటే రెండు మాటలు వినిపిస్తాయి. ప్లేగు తగ్గినందుకు మొక్కు అని ఒకటి. హిజ్రీ వెయ్యో ఏడు గుర్తుగా అని ఇంకొకటి. హిజ్రీ 1000 సరిగ్గా 1591లోనే మొదలైంది కాబట్టి రెండో మాట వైపే నేను మొగ్గుతాను. ఒక గైడు మీకు మూడో కథ కూడా చెబుతాడు, ఇక్కడి నుంచి గోల్కొండకు సొరంగం ఉందని. నవ్వుతూ వినండి.

కట్టించిన మహమ్మద్ కులీ దక్కనీలో కవి కూడా. నదిని చేపలతో నింపినట్టు నా ఊరిని జనంతో నింపు దేవుడా అని కోరుకున్నాడు. సాయంత్రం ఆరింటికి చార్మినార్ ముందు నిలబడితే దేవుడు ఆ మొర గట్టిగానే ఆలకించాడని తెలుస్తుంది.

ఆరో అడుగు: మక్కా మసీదు

చార్మినార్‌కు నైరుతిలో, నాలుగడుగుల దూరంలో. 1617 ప్రాంతంలో, మహమ్మద్ కులీ తర్వాత సుల్తానైన మహమ్మద్ కుతుబ్ షా పని మొదలుపెట్టాడు. తర్వాతి సుల్తానులూ కడుతూనే ఉన్నారు. 17వ శతాబ్దం మధ్యలో వచ్చిన ఫ్రెంచి వర్తకుడు టావెర్నియే ఇది ఏళ్ళ తరబడి సాగుతూనే ఉందని రాసుకున్నాడు. చివరికి 1694లో ముగించింది ఔరంగజేబు. గోల్కొండను కూల్చిన మనిషే గోల్కొండ సుల్తాను మొదలుపెట్టిన మసీదును పూర్తిచేశాడు. మక్కా నుంచి తెచ్చిన మట్టితో చేసిన ఇటుకలు వాడినందుకు ఈ పేరు వచ్చిందంటారు. లోపలి హాలు పదివేల మందిని పట్టేంతది.

గ్రానైట్ కమాన్ల కింద ఐదు నిమిషాలు ఊరికే కూర్చోండి. బయట హారన్లు, లోపల పావురాల రెక్కల చప్పుడు.

ఆవరణలో ఒక పక్కన వరసగా సమాధులు. ఆసఫ్ జాహీ నిజాములవి, రెండో నిజాం నుంచి ఆరో నిజాం దాకా. మొదటివాడు ఖుల్దాబాద్‌లో ఉన్నాడు, ఏడోవాడు కింగ్ కోఠీ దగ్గర జూదీ మసీదులో. ఏడోవాడు ఇక్కడెందుకు లేడన్నది గుర్తుపెట్టుకోండి. ఎనిమిదో అడుగులో అదే అసలు ప్రశ్న.

ఏడో అడుగు: లాడ్ బజార్‌లో కొనకుండా ఒకసారి, కొంటూ ఒకసారి

చార్మినార్ నుంచి పడమరకు లాడ్ బజార్. దుకాణాల్లోకి తర్వాత వెళ్దురు గానీ ముందు పక్క గల్లీల్లో లక్క గాజులు చేసే కార్ఖానాలు ఎక్కడున్నాయో కనుక్కోండి. నిప్పుల మీద లక్కను మెత్తబరిచి, రంగు కలిపి, తీగలా సాగదీసి, లోహపు కడియానికి చుడతారు. వేడి ఆరకముందే చిన్న చిన్న రాళ్ళను ఒక్కొక్కటిగా వేళ్ళతో, చిమటాతో అద్దుతారు. ఆలస్యమైతే లక్క గట్టిపడుతుంది, తొందరపడితే చెయ్యి కాలుతుంది. హైదరాబాద్ లక్క గాజులకు 2024లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఆ వేళ్ళు చూశాక బేరం చేసే తీరు మారుతుంది. బేరం మానేయమనడం లేదు, బేరం లేకపోతే ఇక్కడ దుకాణదారుకే వింతగా ఉంటుంది. మొదట చెప్పిన ధర విని నవ్వి, మీ ధర చెప్పి, రెండడుగులు వేయండి. పిలిస్తే వెనక్కి రండి, పిలవకపోతే మీరు మరీ తక్కువ అడిగినట్టు.

బజార్ చివర మహబూబ్ చౌక్, 1892 నాటి గడియారపు బురుజు. పైగా అనే వంశపు నవాబు ఆస్మాన్ జా కట్టించాడు. దగ్గర్లో కోళ్ళు, పక్షులు అమ్మే సందడి. ఈ పక్క గల్లీల్లో ఒకప్పుడు మిఠాయిలకు అంటించే వెండి రేకును సుత్తితో కొట్టే చప్పుడు పొద్దంతా వినిపించేది. మిషన్లు వచ్చాక బాగా తగ్గిపోయింది.

ఎనిమిదో అడుగు: చౌమహల్లా, ఇంకా ఊరు పాతదెలా అయిందన్న సంగతి

మహబూబ్ చౌక్ నుంచి ఖిల్వత్ వైపు నడిస్తే చౌమహల్లా. 1750లో సలాబత్ జంగ్ మొదలుపెడితే, వందేళ్ళకు పైగా సాగి, ఐదో నిజాం అఫ్జలుద్దౌలా కాలంలో పూర్తయింది. దర్బారు హాల్లో 19 పెద్ద షాండ్లియర్లు. ఒకప్పుడు 45 ఎకరాలు ఉండేదంటారు, ఇప్పుడు మిగిలింది పన్నెండు దాకా. 2005లో జనానికి తెరిచారు. 2010లో యునెస్కో ఆసియా పసిఫిక్ పురస్కారం వచ్చింది. చిరిగిన తెరలతో ఉన్న భవనాన్ని మళ్ళీ నిలబెట్టొచ్చని చూపిన పని ఇది.

హాలు మధ్యలో నిలబడి ఆ ప్రశ్నకు వద్దాం. ఇన్ని మహళ్ళుండగా చివరి నిజాం ఎక్కడ కాపురమున్నాడు? కింగ్ కోఠీలో. నదికి అవతల.

ఆ అవతలికి జరగడం అంతకుముందే మొదలైంది. 19వ శతాబ్దం తొలి ఏళ్ళలో బ్రిటిష్ ప్రతినిధి కిర్క్‌పాట్రిక్ కోఠీలో బ్రిటిష్ రెసిడెన్సీ కట్టాడు. వర్తకులు దాని చుట్టూ, బేగంబజార్‌లో చేరారు. ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ ఇంకా నదికి ఇవతలే, పురానీ హవేలీలో ఉండేవాడు. ఇప్పుడక్కడ నిజాం మ్యూజియం ఉంది, ఆయన బట్టలు పెట్టుకున్న పొడవాటి చెక్క బీరువాల వరసను చూడొచ్చు. 1908 వరద, తర్వాత ప్లేగు భయం డబ్బున్నవాళ్ళను నది దాటించాయి. ఏడో నిజాం కూడా దాటేశాడు. దర్బారూ, ఆఫీసులూ, కాలేజీలూ అటు వైపు పెరిగాయి. 1948 సెప్టెంబర్‌లో హైదరాబాద్ రాజ్యం భారతదేశంలో కలిశాక నవాబుల జాగీర్లు పోయాయి. జాగీరు లేకపోతే దేవిడీకి, అంటే నవాబు ఇంటికి, సున్నం వేసే డబ్బెక్కడిది? ఒక్కో దేవిడీ ముక్కలై అమ్ముడుపోయింది. అప్పటిదాకా ఇదే హైదరాబాద్. అవతల కొత్తది పెరిగాక దీనికి పాతబస్తీ అని పేరుపడింది.

ఆ ముక్కల్లో మిగిలినవాటిలో ఒకటి చూడాలంటే హుస్సేనీ ఆలంలోని ఖుర్షీద్ జా దేవిడీ. ఎత్తయిన పాశ్చాత్య స్తంభాలతో గల్లీ మధ్యలో నిలబడి ఉంటుంది.

తొమ్మిదో అడుగు: పేర్లు చదువుకుంటూ గల్లీల్లో దారి తప్పడం

ఇక ఫోన్‌లో మ్యాప్ మూసేయండి. గల్లీల్లో అది ఎలాగూ మిమ్మల్ని గోడకే నడిపిస్తుంది. దాని బదులు బోర్డుల మీద పేర్లు చూడండి. పేరు చివర బౌలీ ఉంటే అక్కడ మెట్లబావి ఉండేదని, దర్వాజా ఉంటే ఊరి గోడకు గుమ్మమని, అలావా ఉంటే మొహర్రం కొలువని, దేవిడీ అంటే నవాబు ఇల్లని, మండీ అంటే టోకు బజారని. దూద్ బౌలీ, హరి బౌలీ, ఫతే దర్వాజా, మీర్ ఆలం మండీ. బావి పూడిపోయినా, గోడ కూలిపోయినా పేరు మాత్రం బస్సుల మీద తిరుగుతూనే ఉంది.

18వ శతాబ్దంలో ముబారిజ్ ఖాన్ మొదలుపెట్టి, మొదటి ఆసఫ్ జా పూర్తిచేసిన ఊరి గోడకు పన్నెండుకు పైగా దర్వాజాలుండేవి. రోడ్ల కోసం గోడ కొట్టేశారు. దర్వాజాల్లో నిలిచి ఉన్నవి రెండే: పురానాపూల్ దగ్గర ఒకటి, దబీర్‌పురాలో ఒకటి. దబీర్‌పురా దర్వాజా కింద నుంచి ఇప్పటికీ బండ్లు పోతుంటాయి.

ఛత్తా బజార్‌లో ఆగితే పెళ్ళి పత్రికలు అచ్చువేసే దుకాణాలు వరసగా కనిపిస్తాయి. ఉర్దూ అక్షరాలను చేత్తో అందంగా రాసే కాతిబ్‌లు ఒకప్పుడు ఇక్కడ చాలామంది. కంప్యూటర్ వచ్చాక వేళ్ళ మీద లెక్కపెట్టేంత మందే మిగిలారు. ఎవరైనా కనిపిస్తే మీ పేరు రాయించుకోండి, డబ్బులిచ్చి.

దారి అడిగేటప్పుడు ముందు సలాం చెప్పి, తర్వాత "భాయ్" అనండి, పెద్దవాళ్ళయితే "చాచా" అనండి. తెలుగులో అడిగినా చాలామంది తెలుగులోనే చెబుతారు. వాళ్ళ దక్కనీలో "నక్కో" (వద్దు), "హౌ" (అవును) వినిపిస్తాయి. "పర్సోం" అంటే మొన్న అని నమ్మేయకండి. ఇక్కడ పర్సోం అంటే మొన్న కావొచ్చు, పోయినేడు కావొచ్చు, తాతల నాటిదీ కావొచ్చు. దూరం కూడా అంతే. "యహీం హై" అంటే ఇంకో పావుగంట నడవాలి.

అలసిపోతే ఇరానీ హోటల్‌లో కూర్చోండి. ఉస్మానియా బిస్కెట్లు తెప్పించుకోండి. పొద్దున ఏడింటికే వచ్చినవాళ్ళయితే నహారీ, కుల్చా దొరుకుతాయి. పదింటికి అడిగితే "ఖతమ్" అంటారు. ఇళ్ళ గుమ్మాల్లోకి కెమెరా పెట్టొద్దు. పిల్లలు మాత్రం వాళ్ళే వచ్చి ఫోటో తీయమంటారు.

పదో అడుగు: ఊరేగింపు రోజున మళ్ళీ రావడం

మామూలు రోజున కట్టడాలు చూశారు కాబట్టి ఒక పండగ రోజున ఊరిని చూడాలి. నా దృష్టిలో రెండు రోజులు ముఖ్యం.

ఆషాఢంలో పాతబస్తీ బోనాలు. లాల్ దర్వాజా సింహవాహిని మహంకాళి గుడిలో ఆదివారం బోనాలెత్తుతారు, మర్నాడు ఘటాల ఊరేగింపు. హరి బౌలీలోని అక్కన్న మాదన్న గుడి ఘటం ఏనుగు మీద వస్తుంది. అక్కన్న, మాదన్న తానాషా దగ్గర మంత్రులుగా ఉన్న అన్నదమ్ములు, గోల్కొండ పతనానికి కాస్త ముందు హత్యకు గురయ్యారు. వాళ్ళ పేరు మీది ఘటం పోతరాజుల కొరడాల మధ్య చార్మినార్ పక్క నుంచి నయాపూల్ దాకా వెళ్తుంది.

మొహర్రం పదో రోజు దబీర్‌పురాలోని బీబీ కా అలావా నుంచి బీబీ కా ఆలమ్ ఊరేగింపు. అదీ ఏనుగు మీదే. నల్లబట్టల్లో, గుండెలు బాదుకుంటూ జనం. చార్మినార్, గుల్జార్ హౌజ్, పత్తర్‌గట్టీ మీదుగా సాగి చాదర్‌ఘాట్‌లో ముగుస్తుంది.

రెండూ చివరికి చేరేది మూసీ ఒడ్డుకే. మీరు నడక మొదలుపెట్టిన నది దగ్గరికి.

ఆ రోజుల్లో మధ్యాహ్నం నుంచే రోడ్లు మూసేస్తారు, పోలీసులు ఎటు పంపితే అటు వెళ్ళాలి. పన్నెండులోపే పత్తర్‌గట్టీ చేరుకుని, రాతి వరండాలో మెట్టు ఎత్తుగా ఉన్నచోట జాగా పట్టుకోండి. పక్కనున్న దుకాణదారును అడిగి నిలబడండి. నీళ్ళ సీసా ఉండాలి. పిల్లల్ని ఎత్తుకునే ఓపిక కూడా ఉండాలి. ఏనుగు ఎదురుగా వచ్చేటప్పుడు మాత్రం ఫోన్ దించి చూడండి.